సర్వీసు ప్రకారం ఐదో పెనాల్టీ

మా జట్టు సెమీఫైనల్లో ఓడిన పన్నెండో రోజున మా ఆవిడ సుగుణ నా చేతిలోంచి నిమ్మకాయ లాక్కుంది. అప్పుడు నేను వంటింటి గట్టు మీద ఉప్పుడబ్బానూ కారం డబ్బానూ గోలుస్తంభాలుగా నిలబెట్టి, నిమ్మకాయను వాటి ముందు జానెడు దూరంలో పెట్టి, చూపుడువేలితో కొడుతున్నాను. పదిసార్లలో తొమ్మిదిసార్లు లోపలికే వెళ్లింది. పదోసారి వేలికి చెమట పట్టింది.

"గా నిమ్మకాయ పులిహోరకు దెచ్చిన, గోలుకు గాదు," అంది సుగుణ. "పన్నెండొద్దులాయె. మనిషి పోయినా గీ పాటికి దినాలైపోతయి, సుట్టాలు గూడ ఎల్లిపోతరు."

నిజమే. మనిషి పోతే ఏ రోజున ఏం చేయాలో పద్ధతి ఉంది. సెమీఫైనల్ పోతే అలాంటి ఏర్పాటేమీ లేదు. ఎవరికి వారు వంటింట్లో ఏడ్చుకోవాల్సిందే.

నా పేరు బొద్దుల మార్కండేయ. మెట్ట ప్రాంత చిత్తడి భూముల అభివృద్ధి బోర్డులో, ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్లో ముప్పై నాలుగేళ్లు పనిచేసి, నాలుగేళ్ల కిందట రిటైరయ్యాను. మా జిల్లాలో చిత్తడి భూములు లేవు. అందువల్ల బోర్డు పని ఎప్పటికీ పూర్తి కాలేదు. పూర్తి కాని పని వల్ల సిబ్బందికి తీరిక దొరికింది. ఆ తీరికలోంచే ఒక ఫుట్‌బాల్ జట్టు పుట్టింది. ఆ జట్టు ఆడిన మ్యాచ్‌లన్నీ ముప్పై ఎనిమిదేళ్లుగా చూస్తున్నాను. నా పెళ్లి రోజున మొదటి హాఫ్ చూడలేకపోయాను. ఆ సంగతి సుగుణకు చెప్పుకుని బాధపడితే ఆమె సానుభూతి చూపలేదు.

ఆ సెమీఫైనల్ గురించి క్లుప్తంగా చెబుతాను. వివరంగా చెప్పాలంటే మళ్లీ నిమ్మకాయ కావాలి.

అది శాఖల మధ్య జరిగే షీల్డు పోటీ. ఎదుటి జట్టు గిడ్డంగుల సంస్థ. ఆట ముగిసేసరికి చెరొక గోలు. మా గోలు కొట్టినవాడు మాలోతు వినోద్. ఇతను బోర్డులో కాంట్రాక్టు పంపు ఆపరేటర్. పదకొండేళ్లుగా కాంట్రాక్టే. మా జట్టు కొట్టే గోళ్లన్నీ ఇతనివే, మిగతా పదిమందీ ఆ గోళ్లకు సాక్షులు. జట్టు ఫైనల్‌కు చేరితే అందులో ఆడిన కాంట్రాక్టు ఉద్యోగిని పర్మనెంటు చేయవచ్చని బోర్డులో ఒక రూలుంది. అయితే వయసు ముప్పై నాలుగు నిండకూడదు. అప్పటికి వినోద్‌కు ముప్పై మూడు నడుస్తోంది.

సమానంగా ముగిసింది కనక పెనాల్టీలు. ఐదేసి పెనాల్టీల తర్వాత కూడా సమానమైతే లీగులో ఎక్కువ పాయింట్లున్న జట్టు ఫైనల్‌కు వెళుతుంది. ఆ పాయింట్లు మావే. వాళ్లు ఐదూ కొట్టారు. మేం నాలుగు కొట్టాం. ఐదోది పడితే చాలు.

ఐదోది వినోద్ కొట్టలేదు. మా బోర్డులో పెనాల్టీలు సర్వీసు ప్రకారం కొడతారు. ముఖ్యమైన పని పెద్దవాళ్ల చేతిలో ఉండాలి కనక ఐదోది అందరికన్నా సీనియర్‌ది. కాంట్రాక్టు ఉద్యోగికి సర్వీసు రిజిస్టరే ఉండదు. రిజిస్టరు లేదు కాబట్టి సీనియారిటీ లేదు. సీనియారిటీ లేదు కాబట్టి కాలున్నా లేనట్టే.

అందుచేత సూపరింటెండెంటు పురుషోత్తం ముందుకు వచ్చాడు. ఆయనకు యాభై ఏడేళ్లు. ఎడమవైపు బ్యాక్‌గా ఆడతాడు. ఆడతాడన్నది హాజరుపట్టీలో మాట. ఆయన నిక్కరు సర్దుకున్నాడు, కళ్లజోడు తుడుచుకున్నాడు, బంతిని తన్నాడు. అది గోలు మీదుగా, గ్రౌండు గోడ మీదుగా, పక్కనున్న మామిడికాయల మండీలో పడింది. మండీవాళ్లు బంతిని తిరిగి ఇచ్చారు గాని అప్పటికి జనం సగం వెళ్లిపోయారు.

నేను లేచి నిలబడి అరిచాను. "గది నేనైనా కొట్టేటోన్ని."

పురుషోత్తానికి వినబడిందో లేదో తెలియదు. నా పక్కన కూర్చున్న స్టెనో యాదగిరికి మాత్రం వినబడింది. చెవిన పడ్డదేదైనా షార్ట్‌హ్యాండులో రాసుకోకపోతే యాదగిరికి తోచదు. జేబులోంచి నోటుబుక్కు తీసి, తేదీ వేసి, ఆ మాట రాసుకున్నాడు.

ఆటల్లేని నెలల్లో ఆటగాళ్లు విశ్రాంతి తీసుకుంటారు. జట్టు గురించి ఆలోచించే పని అభిమాని మీద పడుతుంది. నిమ్మకాయ పోయాక నేను కాగితం తీసుకుని వచ్చే సీజనుకు మా జట్టు అవసరాలేమిటో రాశాను. ఎడమవైపు పరుగెత్తే బ్యాక్ ఒకడు కావాలి. ఉన్నాయన బంతి వస్తే పక్కకు తప్పుకుని దారిస్తాడు. గోల్‌కీపర్‌కు కంటి పరీక్ష చేయించాలి. స్టోరు బీరువాలో తాళం వేసిన మంచి బంతిని కనీసం సెమీఫైనల్ రోజైనా బయటికి తీయాలి. ఇవేవీ లేకపోయినా మేం ముప్పై ఎనిమిదేళ్లు బతికాం, ఇంకా బతుకుతాం. అసలు అవసరం చివర్లో రాశాను: పెనాల్టీలు కొట్టడం వచ్చినవాడే కొట్టాలి.

ఆ కాగితాన్ని బోర్డు ఆఫీసులో ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకుని వచ్చాను. ముద్ర పడ్డాక కాగితానికి కాళ్లొస్తాయని ముప్పై నాలుగేళ్ల అనుభవం మీద నాకు తెలుసు. ఎటు నడుస్తాయన్నదే తెలియదు.

ఇరవై రోజులకు జవాబు వచ్చింది. "తమరి లేఖయందు ప్రస్తావించిన 'కొట్టడం వచ్చినవాడు' అను హోదా బోర్డు నిబంధనావళిలో లేనందున, సదరు హోదాను నిర్వచించుటకును, గత పరాజయమునకు గల కారణములను పరిశీలించుటకును ఒక సంఘము నియమించడమైనది. తమరు సాక్షిగా హాజరు కావలెను." కింద డిప్యూటీ డైరెక్టర్ హయగ్రీవాచారి సంతకం. సంఘానికి ఆయనే అధ్యక్షుడు. ఆయన అంతకుముందు ఫుట్‌బాల్ చూడలేదు. అందువల్ల నిష్పక్షపాతంగా ఉంటారని ఆయన్ను వేశారు.

విచారణ బోర్డు మీటింగు హాల్లో జరిగింది. హయగ్రీవాచారి ముందు గోలును కొలిపించారు. ఇరవై నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు అని వచ్చింది. ఆ అంకెలను ఆయన రెండుసార్లు చదివించుకుని పురుషోత్తం వైపు తిరిగారు.

"ఇంత విశాలమైన ద్వారము ఉండగా, బంతిని ద్వారము పైనుండి పంపవలసిన ఆవశ్యకత ఏమి?"

పురుషోత్తం లేచి నిలబడ్డాడు. "పెనాల్టీ ఎవరు కొట్టాల్నో రూల్ల ఉన్నది సార్. ఎటు దిక్కు కొట్టాల్నో లేదు."

సంఘం ఆ పాయింటును ఒప్పుకుంది. పురుషోత్తం రూలు ఎక్కడా అతిక్రమించలేదని రాసుకున్నారు.

వినోద్ తలుపు బయట నిలబడి ఉన్నాడు. హాల్లోకి నీళ్లు ఎక్కడం లేదని అతన్నే పిలిపించారు. నేను లేచి, "సార్, గా పిలగాన్ని గూడ ఒక మాట అడగండ్రి. పదకొండేండ్ల సంది గోళ్లన్నీ ఆయనయే," అన్నాను.

"అతడి ఉద్యోగి నంబరు?" అన్నారు హయగ్రీవాచారి.

"కాంట్రాక్టు సార్. నంబరుండది."

"వాంగ్మూలము నమోదు చేయు పట్టికలో మొదటి గడి ఉద్యోగి నంబరు. నంబరు లేనిచో ఆ గడిలో ఏమి వ్రాయవలెను?"

ఆయన నొచ్చుకున్నట్టే ముఖం పెట్టారు. నంబరు లేనివాడి మాట వినడానికి తమకేమీ అభ్యంతరం లేదనీ, రాయడానికి చోటు లేదనీ చెప్పారు. వినోద్ నీళ్లు ఎక్కించి వెళ్లిపోయాడు.

తర్వాత యాదగిరి తన నోటుబుక్కు తెరిచి నా మాట చదివాడు. 'గది నేనైనా కొట్టేటోన్ని.' తేదీతో సహా.

"ఈ మాట తమరిదేనా?"

"నాదే సార్. కోపంల అన్న."

"కోపము తాత్కాలికము. మాట నమోదైనది," అన్నారు హయగ్రీవాచారి. యాదగిరి దాన్ని ఫైలుకు జతచేశాడు.

చివరికి అసలు విషయానికి వచ్చారు. పెనాల్టీలు సర్వీసు ప్రకారం కొట్టాలన్న రూలు ఎక్కడిది? ఎవరికీ తెలియదు. అటెండర్లు రెండు రోజులు రికార్డు రూములో దుమ్ము దులిపి మూడో రోజున ఒక కట్ట తెచ్చారు. అందులో 1991 నాటి నోటు ఉంది. యాదగిరి చదువుతున్నాడు. "జట్టులో పెనాల్టీ విషయమై తరచూ వివాదములు తలెత్తుచున్నందున, సర్వీసు రిజిస్టరును అనుసరించి మాత్రమే పెనాల్టీలు కొట్టవలెను. సర్వీసు రిజిస్టరు లేని వ్యక్తులు ఎట్టి పరిస్థితులలోను, ఎవరి అనుమతితోనైనను, ఎవరికి బదులుగానైనను కొట్టరాదు."

చక్కటి వాక్యమనుకున్నాను. ఆ తర్వాత కాగితం నా ముందుకు తెచ్చి చూపించారు. గుండ్రటి అక్షరాలు, సున్నా పక్కన చిన్న తోక. ఆ చేతిరాత నాకు తెలుసు. కింద సంతకం నాదే.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఏడాది ఒక ఇంజనీరూ ఒక అకౌంటెంటూ పెనాల్టీ నాదంటే నాదని గ్రౌండులోనే కలబడ్డారు. అకౌంటెంటు పన్ను ఊడింది. పై అధికారి నన్ను పిలిచి, ఇంకెప్పుడూ గొడవ రాకుండా ఒక నోటు పెట్టమన్నారు. నాకు ఇరవై తొమ్మిదేళ్లు. డ్రాఫ్టు రాయడంలో నన్ను మించినవాడు లేడని పేరు తెచ్చుకునే రోజులు. ఒక్క పూటలో రాసేశాను. అధికారి చదివి, భేష్ అన్నారు. ఇంటికి వెళ్లి సుగుణకు కూడా చదివి వినిపించాను. ఆ తర్వాత మరిచిపోయాను. ముప్పై ఏళ్లకు పైగా గ్రౌండులో కూర్చుని, ఈ రూలు రాసిన వెధవ ఎవడని నేనే తిట్టాను.

మర్నాడు పొద్దున గ్రౌండు పక్కన పంపుహౌసుకు వెళ్లాను. డ్యూటీ ఎక్కే ముందు వినోద్ అక్కడి గోడ మీద సుద్దతో గీసిన చతురస్రంలోకి బంతి కొడుతూ ఉంటాడు. బంతి ప్రతిసారీ ఒకే చోట తగలడం వల్ల అక్కడ సున్నం ఊడింది. అతనికి విషయం చెప్పాను.

"గది మీరే రాసిండ్రా సార్?" అన్నాడు.

"రాసిన."

వినోద్ బంతిని చేతిలోకి తీసుకున్నాడు. "మంచిగనే రాసిండ్రు సార్. ఏడ గూడ సందు లేదు."

అతను ఎత్తిపొడవలేదు. నిజంగానే మెచ్చుకున్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంకో సీజను మాత్రమే ఉందని నేను గుర్తుచేశాను. తెలుసన్నాడు. "మా బిడ్డ మూడో తరగతి సార్. నాయినా నువ్వు ఆఫీసుల ఉంటవా, ఆఫీసు బయట ఉంటవా అని అడుగుతది. రెండేండ్ల సంది అడుగుతనే ఉన్నది."

నేను తిన్నగా హయగ్రీవాచారి దగ్గరికి వెళ్లి ఆ రూలు రద్దు చేయమన్నాను. తప్పు నాదేనని రాసిస్తానన్నాను.

"రద్దు చేయుటకు సవరణ నోటు కావలెను," అన్నారాయన. "సవరణ నోటు మూల నోటు పెట్టిన సెక్షనే పెట్టవలెను. ఆ సెక్షనులో ప్రస్తుతము నోటు పెట్టగల వ్యక్తి లేడు. తమరు రిటైరైనందున తమరి నోటు చెల్లదు."

"మరెట్ల సార్?"

"తమరిని తిరిగి నియమించుకొనవచ్చును."

అలా నేను అరవై రెండో ఏట మళ్లీ ఉద్యోగంలో చేరాను, ఎస్టాబ్లిష్‌మెంటు సలహాదారుగా. నా నియామకపు ఉత్తర్వు నేనే రాసుకున్నాను. ఇంకెవరికీ రాయడం రాదు. రాసేటప్పుడు అలవాటు కొద్దీ, "వీరి పూర్వ సర్వీసుకు అంతరాయము లేనట్లుగా పరిగణించవలెను" అని ఒక వాక్యం చేర్చాను. ఆ వాక్యం లేకపోతే ఉత్తర్వుకు నిండుతనం రాదు.

సవరణ నోటు ఒక్క రోజులో పెట్టాను. 'పెనాల్టీలు కొట్టడం వచ్చినవారే కొట్టవలెను.' లీగల్ సెక్షన్ వారు దాన్ని తిప్పి పంపారు. కొట్టడం వచ్చునని ధ్రువీకరించు అధికారి ఎవరు? సదరు అధికారికి కొట్టడం వచ్చునని ధ్రువీకరించినవారెవరు? నేను పరీక్ష పెడదామని రాశాను. పరీక్ష పెట్టారు. వినోద్ ఇరవై పెనాల్టీలు కొడితే ఇరవై గోళ్లు పడ్డాయి. దాని మీద అభ్యంతరం వచ్చింది. "ఇరవైకి ఇరవై పడుటవలన గోల్‌కీపరు విధినిర్వహణపై అనుమానము కలుగుచున్నది." గోల్‌కీపర్‌కు మెమో ఇచ్చారు. ఇంకో గోల్‌కీపర్‌తో రెండో పరీక్ష. మళ్లీ ఇరవై. అతనికీ మెమో వచ్చింది. మూడో పరీక్షకు గోలులో నిలబడడానికి బోర్డు మొత్తం మీద ఎవరూ ముందుకు రాలేదు. గోల్‌కీపరు లేని పరీక్ష చెల్లదని ఫైలు మళ్లీ నా బల్ల మీదికి వచ్చింది.

ఈలోగా సీజను మొదలైంది. సంఘం మధ్యంతర నివేదిక ఇచ్చింది. ఆటలో బంతి క్రమపద్ధతి లేకుండా ఒకరి నుంచి ఒకరికి పోతున్నట్లు సంఘం గమనించింది. ఇకమీదట అటెండరు కాలి నుంచి బంతి నేరుగా ముందుకు పోరాదు. అది జూనియర్ అసిస్టెంటు, సీనియర్ అసిస్టెంటు, సూపరింటెండెంటు మీదుగానే పోవలెను.

ఇక మేం లీగులోనే పోతామనుకున్నాను. పోలేదు. ఎదుటి జట్లకు మా ఆట అంతుపట్టలేదు. ముందుకు వస్తుందనుకున్న బంతి ప్రతిసారీ వెనక్కి పోయేది, ఎందుకంటే సూపరింటెండెంటు వెనక నిల్చుంటాడు. వాళ్లు దాని వెంట తిరిగి తిరిగి అలసిపోయేవారు. చివరికి పురుషోత్తం, వచ్చిన కాగితాన్ని ఇంకో సెక్షనుకు తోసినట్టు, బంతిని ఎటో ఒకవైపు తన్నేసేవాడు. అది ఎటు పోయినా అక్కడ వినోద్ ఉండేవాడు. అలా పద్నాలుగు గోళ్లు. ఇవన్నీ మధ్యంతర నివేదిక ఫలితాలని హయగ్రీవాచారి పత్రికా ప్రకటన ఇచ్చారు.

సెమీఫైనల్ మళ్లీ గిడ్డంగుల సంస్థతోనే పడింది. దానికి ముందు రోజుకు, మొదటి రెండు పరీక్షలే చాలునని నేను మళ్లీ రాసి పంపిన సవరణ నోటు అన్ని సెక్షన్లూ తిరిగి హయగ్రీవాచారి బల్ల మీదికి చేరింది. ఒక్క సంతకమే మిగిలింది. నేను వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"నోటు బాగున్నది మార్కండేయ గారూ," అన్నారు. "తమరి 1991 నోటు ఇంతకన్నా బాగున్నది. అంత బలమైన నోటును రద్దు చేయుటకు మనసొప్పుటలేదు. రేపటి మ్యాచ్ చూచి నిర్ణయించెదను."

మర్నాడు సాయంత్రం నేను నా పాత చోటులోనే కూర్చున్నాను. పక్కన యాదగిరి. వినోద్ అరవయ్యో నిమిషంలో గోలు కొట్టాడు. డెబ్బయ్యోలో వాళ్లు సమం చేశారు. ఇంకా ఐదు నిమిషాలుందనగా అటెండరు నా దగ్గరికి ఒక కవరు, ఒక జెర్సీ పట్టుకొచ్చాడు.

కవరులో ఉత్తర్వు ఉంది. "సలహాదారు శ్రీ బొద్దుల మార్కండేయ గారి పూర్వ సర్వీసుకు అంతరాయము లేనట్లుగా పరిగణింపబడినందున, ప్రస్తుతము బోర్డునందు వీరే అత్యంత సీనియర్. ఐదవ పెనాల్టీ 'నేనైనా కొట్టేటోన్ని' అని వీరు లోగడ సంఘము ఎదుట అంగీకరించియున్నందున, వీరి సమ్మతి లభించినట్లే భావించి, వీరిని జట్టులోనికి తీసుకొనడమైనది."

నేను పరుగున వెళ్లి హయగ్రీవాచారి ముందు నిలబడ్డాను. పరుగు అనేది నా మాట. మోకాళ్లు వేరే మాట చెప్పాయి. "సార్, నాకు మోకాలి నొప్పులు. బంతి ముట్టుకోక ముప్పై ఏండ్లాయె. గా సవరణ మీద ఒక్క సంతకం పెట్టండ్రి, వినోద్ కొడతడు."

"తమరి నోటును తమరే ధిక్కరించెదరా?"

"అయితే రాజీనామా చేస్తున్న. ఇప్పుడే రాసిస్త."

"నెల రోజుల ముందు నోటీసు ఇవ్వవలెను. ఆ నిబంధన తమరి నియామకపు ఉత్తర్వులోనే ఉన్నది," అన్నారాయన. ఉంది. అదీ నేనే రాశాను.

పురుషోత్తం బయటికి వచ్చాడు. చార్జి అప్పగించినట్టు కాగితం మీద సంతకం తీసుకుని, నా చేయి పట్టుకుని ఊపాడు. ఆ మనిషి ముఖంలో అంత సంతోషం నేను ఆయన ప్రమోషను రోజున కూడా చూడలేదు. నేను ప్యాంటు మార్చుకోకుండానే జెర్సీ తొడుక్కుని లోపలికి వెళ్లి, మిగిలిన ఐదు నిమిషాలూ మూల జెండా దగ్గర నిల్చున్నాను. బంతి నావైపు రాలేదు. రాకూడదని మొక్కుకున్నాను.

పెనాల్టీలు. వాళ్లు ఐదూ కొట్టారు. మా నలుగురు సీనియర్లూ నాలుగు కొట్టారు. ఎలా పడ్డాయో వాళ్లకే తెలియదు, ఒకాయన కళ్లు మూసుకుని కొట్టాడు. లీగు పాయింట్లు ఈసారీ మావే. ఐదోది పడితే ఫైనల్. పడితే వినోద్ పర్మనెంటు. వచ్చే నెలకు అతనికి ముప్పై నాలుగు నిండుతుంది.

బంతిని చుక్క మీద పెట్టింది వినోదే. పెట్టడానికి సీనియారిటీ అక్కర్లేదు. వంగి, బంతిని ఒకసారి తిప్పి, నావైపు చూడకుండానే చెప్పాడు. "సార్, గోలీ ఎడమకే దుంకుతడు. నాలుగు పెనాల్టీల సంది సూస్తున్న. మీరు కుడి దిక్కు మెల్లగ తోయుండ్రి. సాలు."

"మెల్లగనే గదా?"

"మెల్లగనే సార్. మోకాలు మీద జోరు పెట్టకుండ్రి."

అతను వెనక్కి వెళ్లి గీత మీద నిలబడ్డాడు. నేను గోలు వంక చూశాను. మీటింగు హాల్లో అది ఇరవై నాలుగడుగులు. ఇక్కడ నాకు ఉప్పుడబ్బా, కారం డబ్బా మధ్య సందులా కనిపించింది. ముప్పై ఎనిమిదేళ్లలో గ్యాలరీలో కూర్చుని ఎంతమందిని తిట్టానో అప్పుడు లెక్కకొచ్చింది. నాలుగడుగులు వేసి తన్నాను.

వినోద్ చెప్పినట్టే గోల్‌కీపర్ ఎడమకు దూకాడు. కుడివైపు గోలు మొత్తం ఖాళీగా ఉంది. బంతి సరిగ్గా అటే బయల్దేరింది. నేను ఆ ఊపుకు కింద పడ్డాను. పడ్డ చోటు నుంచే చూశాను. బంతి నింపాదిగా దొర్లింది. దొర్లుతూ దొర్లుతూ గోలుగీతకు రెండడుగుల ఇవతల, గడ్డి కొంచెం ఎత్తుగా ఉన్నచోట ఆగింది. గోల్‌కీపర్ లేచాడు. మోకాళ్లకు అంటిన మట్టి దులుపుకున్నాడు. నడుచుకుంటూ వచ్చి బంతిని రెండు చేతులా ఎత్తుకున్నాడు.

గిడ్డంగుల సంస్థ వాళ్లు ఎగురుతున్నారు. హయగ్రీవాచారి గ్రౌండులోకి వచ్చి, కింద కూర్చుని ఉన్న నన్ను వంగి పలకరించారు. "అంతయు నిబంధన ప్రకారమే జరిగినది. ఎక్కడా ఉల్లంఘన లేదు. అభినందనలు." ఆయన వెనకే నోటుబుక్కు పట్టుకుని యాదగిరి నిలబడి ఉన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. అరవై రెండేళ్లవాడు గ్రౌండు మధ్యలో ఏడిస్తే బాగుండదని ఆపుకున్నాను, ఆగలేదు.

వినోద్ వచ్చి చేయి అందించాడు. "లెవ్వుండ్రి సార్. మోకాలికి ఏం గాలే గదా?" నన్ను లేపి నిలబెట్టి, ప్యాంటుకు అంటిన గడ్డి దులిపాడు. ఆ తర్వాత పెనాల్టీ చుక్క వంక చూశాడు. అక్కణ్నుంచి గోలు వంక చూశాడు. ఎవరితోనూ కాకుండా, మెల్లగా అన్నాడు.

"గది నేనైనా కొట్టేటోన్ని."

యాదగిరి పెన్సిలు చటుక్కున లేచింది. తేదీ వేశాడు. మాట ఎవరిదో చూద్దామని తలెత్తాడు. వినోద్‌ను చూశాడు. వేసిన తేదీని కొట్టేసి, నోటుబుక్కు మూసి జేబులో పెట్టుకున్నాడు.

అందుకని ఆ మాట బోర్డు రికార్డులో ఎక్కడా లేదు. ఇక్కడ నేను రాసి పెడుతున్నాను. కింద సంతకం నాదే.